అడుగున తెల్లపొడి

నాలుగు మడతలు వేసిన గుడ్డను బిందె మూతికి బిగించి, కాచి చల్లార్చిన నీళ్ళను సన్నటి ధారగా వంపుతోంది అక్క. చెల్లెలు వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"ఇంకెన్నాళ్ళక్కా ఈ వడపోత?"

"వాళ్ళు కలపడం మానేదాకా."

వాళ్ళంటే ఎవరో అక్కకూ తెలియదు. టాంకులో ఏదో కలుపుతున్నారు, ఆ నీళ్ళు తాగే తన పాప పోయింది. ఏడాదిగా ఆమెకు పట్టుకున్న మాట ఇదొక్కటే. వీధిలో వాళ్ళు ఆమెకు 'నీళ్ళక్క' అని పేరు పెట్టారు. కుట్టుపని చేసేచోట కూజాలోని నీళ్ళు కింద పారబోసి గొడవ చేసిందని పనిలోంచి తీసేశారు. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కేలా లేదని చెల్లెలికి భయం పట్టుకుంది.

"మీ కుళాయి నీళ్ళు మా ల్యాబులో నా చేత్తో నేనే పరీక్ష చేశానక్కా. ఏమీ లేదు."

"ఏమీ లేదని తేలిందా? అయితే పెద్ద తలకాయలే ఉన్నాయన్నమాట. మీ ల్యాబుదాకా పాకారు!"

చెల్లెలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మనసుకి ఎవడో ఒక దోషి కావాలక్కా. జ్వరమొచ్చి ఊరికే పోయిందంటే అది ఒప్పుకోదు."

"ఊరికే ఎవరైనా పోతారుటే? ఆ మధ్యాహ్నం గ్లాసుడు నీళ్ళు తాగి పడుకుందని నువ్వే కదా చెప్పావు! మళ్ళీ లేచిందా నా తల్లి?"

అక్క గట్టు మీది గిన్నె మూత తీసి ముందుకు తోసింది.

"నా మాట వద్దు. రాత్రి మూతపెట్టిన నీళ్ళివి. అడుగున చూడు."

తెల్లటి పొడి పేరుకుని ఉంది.

చెల్లెలు కాస్త తీసి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తగా, జిడ్డుగా అంటుకుంది. ఇలాంటిది ఈ ఇంట్లోనే ఎక్కడో చూసింది. గిన్నె అక్కడే వదిలి పెరట్లోకి నడిచింది.

బావ బ్రష్షులు కడుగుతున్నాడు. గోడలకు రంగులు వేసే మనిషి. రంగుకు ముందు పట్టించే లప్పం ఆయన గోళ్ళలో ఎప్పుడూ ఉండేదే. ఆ చేతులకు తెలుపెందుకు అంటిందని ఎవరూ అడగరు.

"గిన్నెలో లప్పం కలుపుతున్నది మీరే కదూ?"

ఆయన తలెత్తలేదు.

"మతి ఉందా బావా? వీధంతా అక్కకి పిచ్చంటోంది!"

"అననీ."

"నీళ్ళు మంచివని నమ్మితే మళ్ళీ మామూలు మనిషవుతుంది."

"అప్పుడు ఇంకో కారణం వెతుకుతుంది. దొరికేస్తుంది."

"దొరకనివ్వండి! ఉన్నదేదో తెలుసుకోవద్దూ?"

బావ కుళాయి కట్టేశాడు. ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పాడు.

"డాక్టరు నాకొక్కడికే చెప్పాడు. చుక్కలు లెక్కపెట్టి వెయ్యాల్సిన మందుని పాపకి చెంచాతో పట్టేశారట."

చెల్లెలు బట్టలుతికే రాయి మీద కూలబడింది.

"అక్కకి తెలుసా?"

"తెలియనివ్వను. పోయిన ప్రాణం ఒకటి చాలు."

ఆమె లోపలికి వచ్చేసరికి అక్క అక్కడే, గిన్నె ముందు కాపలాగా నిలబడి ఉంది.

"ఏమంటున్నారు మీ బావ? నన్ను ఆస్పత్రిలో పడేద్దామనా? చేయి ఇటివ్వు, ఆ పాడు పొడి ఒంట్లోకి పోతుంది." చెల్లెలి వేళ్ళను చీరకొంగుతో ఒక్కొక్కటే తుడిచింది. అమ్మ పోయిన నాటినుంచీ అన్నం కలిపి నోట్లో పెట్టి పెంచిన చేతులవి. "ఇప్పుడు చెప్పు. నీళ్ళలో ఉందా, లేదా?"

చెల్లెలు గిన్నెలోకి చూసింది.

"ఉందక్కా. నీళ్ళలోనే ఉంది."

అక్క ముఖం ఒక్కసారిగా తేటపడింది. చెల్లెల్ని గుండెకు అదుముకుని భోరుమంది. "నువ్వు నమ్మావు, అది చాలే. లోకమంతా ఏమనుకుంటే నాకేం? కూర్చో, టీ పెడతాను. మంచినీళ్ళతోనే పెడతాలే."

చెల్లెలు ఆ చేతుల్ని మెల్లగా విడిపించుకుంది. సంచీ భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకుని, వెనకనుంచి అక్క పిలుస్తున్నా తిరిగి చూడకుండా గుమ్మం దాటింది.

ఆ మధ్యాహ్నం పాప దగ్గర ఉన్నది తనొక్కతే.