పలకని ప్యాడ్లు

అజీజ్‌నగర్ రిసార్టులో పెళ్లికొడుకు స్టేజీ ఎక్కుతుండగా మా ఆయన ఎలక్ట్రానిక్ డ్రమ్స్ మూగబోయాయి.

"ప్యాడ్లు ఖరాబైనయి! ఇజ్జత్ పోయింది!" అని తల పట్టుకున్నాడు.

నేను ఒక్కో ప్యాడుకూ వైరు మార్చి కొట్టించి చూశాను. కొట్టిన ప్రతిసారీ డ్రమ్స్ పెట్టె మీద లైటు వెలిగింది. అంటే ప్యాడ్లు బాగానే ఉన్నాయి. ఇక పెట్టె నుంచి మైకుసెట్టుకు వెళ్లే వైరు పట్టుకుని నడిచాను. దాని కొస మైకుసెట్టు నడిపే పాండు కుర్చీ కింద, చుట్టచుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"ఇదేంది పాండూ?"

"జర మెల్లగ, వదినా. మూడేండ్ల సంది గట్లనే ఉన్నది. అన్న కొడుతుంటడు, నేను ఫోన్ల రికార్డు దరువు పెడుత. ఇయ్యాల ఛార్జింగ్ అయిపోయింది."

"మరి వైరు పెట్టరాదు?"

"ఒక్కపారి పెట్టిన. జనం తినే బువ్వ ఇడిచిపెట్టి పోయిన్రు."

నా ఫోనులో దరువు వెతికి పాండుకిచ్చి, స్టేజీ దగ్గరికి వెళ్లాను.

"వైరు లూజున్నది, బిగించిన. ఇగ కొట్టుండ్రి."

ఆయన కొట్టాడు. చప్పట్లు మోగాయి. ఆయన మైకు అందుకుని అందరి ముందూ అన్నాడు:

"మా ఇంటామె లేకుంటే నా డ్రమ్స్ పలకయి!"

పాండు నా ఫోనును ఛార్జింగుకు పెట్టాడు.