ఎంగిలి పడని పటకారు

"ఆ గిన్నెలో నా పటకారు వేసినావంటే చూడు!"

చెంచురామయ్య కేకకి పళ్ళ డాక్టరు సంజీవరావు గదిలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. స్టవ్వు దగ్గరున్న నర్సు రెబెక్కమ్మ చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. గిన్నెలో నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. అడుగున నాలుగైదు పటకార్లు, ఇంజెక్షను సూదులు ఉన్నాయి. కుర్చీలో చెంచురామయ్య మనవరాలు ఆదిశేషమ్మ వాచిన దవడ పట్టుకుని కూర్చుంది. పన్నెండేళ్ళ పిల్ల. మూడు రోజులుగా తిండీ లేదు, నిద్రా లేదు.

"కాచకుండా నోట్లో పెట్టకూడదండీ," అంది రెబెక్కమ్మ.

"ఇందాక ఆ ఉప్పుకొటారు కూలోడి పన్ను పీకి, ఆ పటకారునీ ఇందులోనే గదా వేసినావు? నేను చూళ్ళేదనుకున్నావా?"

"వేసినానండీ. ఇరవై నిమిషాలు కాగితే ఇంక దానిమీద ఏమీ ఉండదు."

"ఎంగిలి కాస్తే పోతుందా? ఎంగిలి పులుసవుతుంది!"

బెంచీ మీద కూర్చున్న వాళ్ళు నవ్వారు. నవ్వక చస్తారా? చెంచురామయ్య కొత్తగా వచ్చిన పంచాయతీ సమితి ప్రెసిడెంటుకి స్వయానా బావమరిది. ఈ ఆసుపత్రి ఉన్న మేడ కూడా ఆ ప్రెసిడెంటుదే. పదిమంది నోళ్ళలో పెట్టినది తన ఇంటివాళ్ళ నోట్లో పెట్టనివ్వనని మద్రాసులో సొంతానికి కొనుక్కున్న పటకారు ఇప్పుడు పట్టుగుడ్డ మీద తళతళలాడుతోంది.

"పోనీ వేరే గిన్నెలో, కొత్త నీళ్ళు పోసి కాస్తానండీ."

"గిన్నె నీది. నీళ్ళు నీయి. ముట్టుకునే చెయ్యి నీది. ఇంక అందులో నాదేముంది?"

ఆ మాటకి అర్థం గదిలో అందరికీ తెలుసు. రెబెక్కమ్మకి మరీ బాగా తెలుసు, చిన్నప్పటినుంచీ వింటున్నదే. కుర్చీలో ఉన్న పిల్లని చూసి ఓర్చుకుంది.

"నన్నేమన్నా అనండి, పడతాను. బిడ్డ కోసం చెప్తా ఉండాను. పోయిన నెల మా వీధిలో ఒక బిడ్డకి కాచని కొడవలితో బొడ్డు కోసినారు. ఎనిమిదో దినానికి దవడలు బిగుసుకుపోయి, పాలచుక్క దిగక, విల్లు మాదిరి వంగిపోయి చచ్చిపోయింది. ఆ పురుగు కంటికి కనపడదండీ. మెరిసే ఇనుము మీద గూడా ఉంటుంది."

"బిడ్డకి పన్ను పీకించను వస్తే చావు మాటలా? డాక్టరూ, ఈమె నోరు నువ్వు మూయిస్తావా, నేను మా బావతో చెప్పాల్నా?"

రెబెక్కమ్మ చెప్పింది అక్షరాలా నిజమని సంజీవరావుకి తెలుసు. మేడ ఎవరిదో కూడా తెలుసు.

"ఇది ఇంకెవరికీ వాడలేదు గదండీ?" అన్నాడు మెల్లగా.

"నా నోట్లోకి తప్ప ఇంకో మనిషి నోట్లోకి పోలా. మా ఇంటామె పసుపునీళ్ళతో కడిగి దేవుడి గూట్లో పెడతాది."

"అయితే స్పిరిటుతో తుడిచి..."

"బిడ్డ నోటికి సారాయి పూస్తావా? మతి ఉండాదా నీకు?"

మత్తు సూది కూడా ఆ గిన్నెలోదేనని అదీ వద్దన్నాడు.

"తాతా, నర్సమ్మ చెప్పినట్టు కాచనీ తాతా," అంది ఆదిశేషమ్మ ఏడుపు గొంతుతో.

"నీకు తెలవదు తల్లీ. నీ నోట్లో పరాయోళ్ళ ఎంగిలి పడనిస్తానా నేను?" అని తల నిమిరాడు. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం.

పిల్ల తల పట్టుకోబోయిన రెబెక్కమ్మని తోసేసి తానే పట్టుకున్నాడు. సంజీవరావు ఆ మద్రాసు పటకారే అందుకున్నాడు. దవడపన్ను, ఒక పట్టాన రాలేదు. చిగురు చీలిపోయింది. పిల్ల అరుపులకి వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. తాత కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి గాని చేతులు మాత్రం సడలలేదు. చివరికి పన్ను ఊడి వచ్చింది.

"చూసినావా? కాచకపోతే ఏమయింది? చచ్చిపోయిందా నా బిడ్డ?" అన్నాడు రెబెక్కమ్మ మీదికి వంగి.

ఆమె పిల్ల నోటికి దూది అందించబోయింది.

"తప్పయిందని చెప్పు," అన్నాడు సంజీవరావు, ఆమె మొహంలోకి చూడకుండా.

"తప్పయిపోయిందండీ," అంది రెబెక్కమ్మ. ఆమె చేత ఆ మాట అనిపించడం అన్యాయమని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

బండి ముత్తుకూరు రోడ్డెక్కింది. ఆసుపత్రి దూది కూడా వద్దని తాత తన పైపంచె చింపి పెట్టిన గుడ్డ నోట్లో కుక్కుకుని, ఆదిశేషమ్మ ఆయన ఒళ్ళో నిద్రపోయింది. చెంచురామయ్య గుండె తేలికపడింది. బండి తోలుతున్న జీతగాడు పోలేరయ్యని హుషారుగా పలకరించాడు.

"ఏరా, ఎర్రెద్దు నిన్న కుంటతా ఉండింది గదా? ఈ పొద్దు బలే నడస్తా ఉండాదే!"

పోలేరయ్య సంబరంగా వెనక్కి తిరిగాడు.

"పొద్దున బండి కట్టేటప్పుడు గూడా కుంటతానే ఉండిందయ్యా. లాడం మేకు విరిగి గిట్టలోనే ఉండిపోయి చీము పట్టింది. ఎంత లాగినా నా చేతికి చిక్కలా. ఆఖరికి అమ్మగారే, 'ఎద్దుకి ఎంగిలేముందిరా, అదేమన్నా మనిషా' అని, ఆ మద్రాసు పటకారు తెచ్చిచ్చినారు!"