నూట ఇరవయ్యో దీపం

"నూట ఇరవై అంటే నూట ఇరవయ్యేనమ్మా. ఇంకొక్కటి కావాలన్నా మళ్లీ టెండరు పిలవాలి. ఆర్నెల్లు పడుతుంది."

ఇంజనీరు ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కొలతల పుస్తకంలో అంకె దిద్దుకున్నాడు. ఆ ప్రభుత్వ భవనంలో పాత ట్యూబులైట్లు తీసి ఎల్‌ఈడీ దీపాలు బిగించే పని అతని చేతికొచ్చి మూడు వారాలైంది. అవతల మాట్లాడుతున్నావిడ టెలిఫోన్ ఆపరేటరు. మనిషిని అతను చూడలేదు. గొంతు మాత్రం రోజుకు రెండుసార్లు వింటున్నాడు.

"ఆర్నెల్లలో ఆ వెనక మెట్ల మీద ఎంతమంది పడతారు బాబూ? పోయిన నెల పింఛను పనిమీద వచ్చిన పెద్దాయన జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లిఫ్టు బాగయ్యే జాడ లేదు. వాళ్లందరికీ అదే దారి."

"నాకు మాత్రం జాలి లేదా? ఆ మెట్లు తర్వాతెప్పుడో కట్టారు. పాత ప్లానులో లేవు. అది చూసి అంచనా రాసినాయన వాటిని వదిలేశాడు. ఎక్కువ దీపం ఒక్కటి వేసినా ఆడిట్ వాళ్లు నా పీక పట్టుకుంటారు."

"ఉన్నవాటిలోంచి ఒకటి అక్కడికి జరపొచ్చా?"

అతను పుస్తకంలో మొత్తం మళ్లీ చూసుకున్నాడు. "జరపొచ్చు, మొత్తం మారకపోతే. కానీ ఆ గదివాళ్లు మాకొద్దని రాసివ్వాలి. నాలుగు గదులు అడిగి చూశాను. ఉన్నవే చాలడం లేదని నామీదే ఎగిరారు."

"నాది తీసుకోండి."

"మీ గదికి ఉన్నదే ఒక్కటి. కిటికీ కూడా లేదు. పాతది నిన్ననే ఊడదీసేశారు. ఇక చీకట్లోనే కూర్చోవాలి."

"ఫోను మోగితే చీకట్లోనూ వినపడుతుందిలెండి."

ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఈరోజు దీపం వదులుకుని, రేపు చీకటని పైవాళ్లకు అర్జీ పెట్టి, అంతకన్నా మంచిది సాధించుకున్నవాళ్లను అతను చూశాడు.

"తర్వాత మెలిక పెట్టరు కదా?"

"మెలికలు పెట్టే తెలివే ఉంటే ఈపాటికి సూపరింటెండెంటునయ్యేదాన్ని."

"ఇకమీదట ఈ గదికి దీపం అడగనని కూడా రాస్తాను మరి."

"రాసి, చదవండి. వింటాను."

రాశాడు. చదివాడు. "బాగుంది, పట్టుకురండి, సంతకం పెడతాను" అందావిడ.

అతను నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ వైపు చూశాడు. "ఏం మేస్త్రీ, ఈవిడ మాట నమ్మొచ్చా?"

"పదేళ్ల నుంచి చూస్తున్నా సార్. ఇస్తానంటే ఇచ్చినట్టే."

మధ్యాహ్నానికి మెట్ల మీద దీపం వెలిగింది. అప్పుడే ఒక ముసలి జంట పైకి వస్తోంది. సగం మెట్లెక్కాక ఆమె భర్త మోచెయ్యి వదిలేసింది.

"ఏమండీ, ఇన్నాళ్లూ మనం పాకింది ఈ కాసిని మెట్లేనా?"

"నువ్వు పాకావు. నేను నిన్ను మోశాను" అన్నాడు పెద్దాయన.

ఇంజనీరుకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. వీళ్ల వెలుగు కోసం ఒక మనిషిని రోజుకు ఎనిమిది గంటలు చీకట్లో కూర్చోబెట్టాడు. తన గదికి వెళ్లి, బల్ల మీదున్న సొంత టేబుల్ లైటు ప్లగ్గు పీకి, కాగితంతో పాటు చంకన పెట్టుకుని బయల్దేరాడు. ఎదురొచ్చిన మేస్త్రి దాన్ని చూసి ఏదో చెప్పబోయి, నవ్వి ఊరుకున్నాడు.

తలుపు తీస్తే గదంతా చిమ్మచీకటి.

"రండి ఇంజనీరు గారూ. కుర్చీ మీ ఎడమ పక్కనే ఉంది."

"ఇది నా సొంతదమ్మా. ప్రభుత్వ లెక్కలోకి రాదు, ఏ నిబంధనా అడ్డు చెప్పదు. కాదనకండి." తడుముకుంటూ గోడకున్న ప్లగ్గు పాయింటు వెతికి, లైటు తగిలించి స్విచ్చి వేశాడు.

ఆవిడ ఒళ్లో లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. ఇంత చీకట్లో ఏం చదువుతున్నారమ్మా అని అడగబోయి, ఆగిపోయాడు.

ఆమె వేళ్లతో చదువుతోంది.