నీలం పుప్పొడి

"ఇది ఎక్కడిది?"

పెట్టెలాయన నువ్వుగింజంత ఉండను చూపుడువేలి కొసన పెట్టుకుని భార్య ముఖం ముందు నిలిపాడు. తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నప్పటినుంచి ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఆమె అప్పుడే ఖాళీ బకెట్‌తో మేడ దిగి వచ్చింది.

"పుప్పొడి," అంది.

"పుప్పొడని నాకు తెలీదూ? రంగు చూడు."

బల్ల మీద పరిచిన గుడ్డ నిండా పొద్దున పెట్టెల గుమ్మాల కింది సొరుగుల్లోంచి తీసిన పుప్పొడి ఉంది. ఈగలు కాళ్ళకు అంటించుకొచ్చే ఉండలు, గుమ్మానికి బిగించిన జల్లెడ కన్నాల్లోంచి దూరేటప్పుడు సొరుగుల్లోకి రాలతాయి. ఇంటి వెనక ఆవచేను పూత మీదుంది కాబట్టి గుడ్డంతా పసుపే. ఆ పసుపులో అక్కడక్కడ నీలం.

"నీలంగా ఉంది," అంది ఆమె.

"నీలం పుప్పొడి ఇచ్చే పువ్వు ఈ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది. ఆ విత్తనం ఎక్కడినుంచో తెప్పించి ఇచ్చింది కూడా నేనే."

ఆ చోటు పేరు ఇద్దరూ ఎత్తలేదు. కాలువ అవతల, ఆయన చెల్లెలి దోసతోట గట్టు. పోయిన ఏడాది ఆ తోటలో పట్టపగలు పూల మీద పురుగుమందు కొట్టారు. ఆయన ఈగలు పెట్టెల ముందు కుప్పలుగా పడ్డాయి. గట్టు మట్టిలో కన్నాలు చేసుకుని బతికే అడవి ఈగలూ పోయాయి. అప్పుడు పెట్టెలన్నీ ఇవతలికి తెచ్చేసుకున్న మనిషి మళ్ళీ కాలువ దాటలేదు.

"నువ్వుగానీ ఒక పెట్టె అటు పంపావా?"

"ఆ పెట్టె ఎత్తితే నా నడుం మీ మోకాళ్ళకి తోడవుతుంది."

"పొద్దస్తమానం బకెట్ పట్టుకుని మేడ ఎక్కి దిగుతుంటావు. పెట్టెల దగ్గరికి ఎవరొచ్చిందీ చూడవు."

"రేపటినుంచి మీరే ఎక్కి బట్టలు ఆరేయండి. నేను కింద కాపలా కూర్చుంటా."

ఆయన మోకాలు తడుముకుని మళ్ళీ ఆ ఉండ వంక చూశాడు.

"గాలికి కొట్టుకొచ్చిందేమో."

"వచ్చి, సరిగ్గా మీ సొరుగు వెతుక్కుని కూర్చుందా?"

"ఇంత ఆవపువ్వు ఇంటి వెనకే పెట్టుకుని అంత దూరం ఎందుకు పోతాయే?"

"నన్నడిగితే? మీ ఈగలు. నాతో కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడతారు మీరు."

పెట్టెలాయన చివాల్న లేచాడు. "గుమ్మాలు మూసేస్తా. మళ్ళీ మందు కొడితే ఉన్నవి కూడా పోతాయి."

ఆమె చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. ఆయన మూస్తానంటే మూసేసే మనిషే. ఆపైన ఇక ఏ మాటా తలకెక్కదు.

"ఈసారి మందు కొట్టాల్సొస్తే పొద్దుగూకి ఈగలు గూడు చేరాకేనట," అంది నెమ్మదిగా. "అదీ ముందురోజు మనకి ఫోన్ చేసి చెప్పాకేనట. మీ బావగారు రెండుసార్లు కబురు పెట్టారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మీరు రేడియో పెంచారు."

ఆయన మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. నీలం ఉండలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగాడు.

"అక్కడే కదా అన్ని చచ్చాయి. అయినా పోయాయి చూడు."

"వాటికి అలకలు తెలీవు కదండీ. పువ్వుంటే పోతాయి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు చెల్లితో నేనేమన్నానో గుర్తుందా?"

"ఏమన్నారు?" ఆమె చిన్న పట్టకారుతో పుప్పొడిలోంచి విరిగిన ఈగ కాలు ఏరుతూ అడిగింది.

"నా ఈగ నీ పువ్వు మీద వాలిన రోజునే నీ గుమ్మం తొక్కుతా అన్నాను."

"అయ్యో, అలా అన్నారా?"

"అన్నాను. నలుగురిలో అన్నాను. అన్న మాట ఎక్కడికి పోతుంది?" ఆయన విసుక్కున్నాడు గానీ ఆ విసుగు ముఖం మీద నిలబడలేదు. "పిందెలు ఇంకా రాలుతున్నాయా దానికి?"

"రోజూ గంపెడు. ఆడపువ్వు విచ్చుకుంటోంది, దాని మీద వాలే పురుగే లేదు. పిందె పచ్చబడి రాలిపోతోందట."

"పిచ్చిది, ఒక్క ఫోనన్నా చెయ్యదు."

"చేస్తే మీరు ఎత్తాలి కదా."

ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. "చీకటి పడ్డాక నాలుగు పెట్టెలు అటు వేయిస్తా. ఇప్పుడెళ్ళి పాదుల దగ్గర నీడ ఎక్కడుందో చూసి రావాలి. ఖాళీ చేతులతో ఎలా పోను? ఒక తేనె సీసా తే."

సీసా అప్పటికే శుభ్రంగా తుడిచి, సంచిలో పెట్టి, గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. ఆయనకి అది గమనించే తీరిక లేదు. చొక్కా గుండీలు కూడా ఒకదానిది ఇంకోదానికి పెట్టుకున్నాడు. ఆమె విప్పి సరిగ్గా పెట్టింది.

"నవ్వకు," అన్నాడు.

"నవ్వట్లేదు."

"ఈగలు పోయాయి కాబట్టి పోతున్నా. అంతే."

"అంతేగా మరి."

స్కూటర్ చప్పుడు మలుపు దాటేదాకా ఆగి, ఆమె బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని మేడ ఎక్కింది. తీగ మీద ఆరేసిన దుప్పటిని పక్కకి జరిపింది. దాని వెనక, పగిలిన కుండీల్లో, పాత డబ్బాల్లో, ఆడపడుచు పంపిన గుప్పెడు విత్తనం నీలంగా విరగబూసి, పెట్టెలాయన ఈగలతో జుమ్మంటోంది.