తప్పు నాదే

ఆర్నెల్లుగా మా ఇంట్లో ఏ తప్పు జరిగినా అది మా ఆయన ప్రభుదాసుదే. పాలు పొంగినా, కుళాయి కారినా ఆయన నిలబడి "తప్పు నాదే" అనాలి. గొంతు వణికితే గోడ మీది కాగితంలో మార్కులు తగ్గించి, మళ్లీ అనిపించేదాన్ని. పెద్ద కంపెనీలో పైలట్ ఉద్యోగం కావాలంటే ఇప్పుడు ఇదే చదువు. విమానాన్ని యంత్రమే నడుపుతుంది. కూలితే నేరం మొయ్యడానికి మాత్రం ఒక మనిషి కావాలి. మూడు వేల గంటలు విమానం నడిపినవాణ్ణి ఆ సిగ్గుమాలిన కొలువుకు నేనే తయారుచేశాను.

ఇంటర్వ్యూకి బయలుదేరుతుంటే చివరిసారి పరీక్ష పెట్టాను.

"పప్పు మాడింది."

"తప్పు నాదే."

"బాగుంది. అక్కడా ఇలాగే చెప్పి రండి."

మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"ఏమడిగారండీ?"

"నిరుడు కూలిన విమానం బొమ్మ చూపించి, తప్పెవరిదన్నారు. మన వరాలక్క విమానం."

వరాలక్క ఆయనకు విమానం నడపడం నేర్పిన మనిషి. ఆమె ఎంత అరిచినా యంత్రం విమానాన్ని ఆమె చేతికివ్వలేదు, తీసుకెళ్లి కొండకు కొట్టింది. సంగతి పైలట్లందరికీ తెలుసు. కాగితాల్లో మాత్రం నేరం ఆమెదే.

"ఆవిడదే అనుంటే ఉద్యోగం ఇచ్చేవారా?"

"అక్కడికక్కడే ఇచ్చేవాళ్లు. నా తప్పంటే ఒప్పుకునేవాణ్ణి కరుణా. చచ్చిపోయిన మనిషి మీదికి ఎలా తోస్తాను? మీ యంత్రానిదే అని చెప్పొచ్చాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు. గోడ మీది మార్కుల కాగితం చించి పొయ్యిలో పారేసి, కంచం పెట్టాను.

ఆయన ఒక ముద్ద తిని, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"పప్పు మాడింది. తప్పు..."

"నోరు మూసుకుని తినండి. మాడ్చింది నేను."