కదలని అత్తగారు

చిత్రకారుల కాలనీలో ఉండే కోడలు ఏడాదిగా తన అత్తగారి బొమ్మే వేస్తోంది. అత్తగారు రోజూ మధ్యాహ్నం కిటికీ పక్కన కుర్చీలో కదలకుండా కూర్చునేది.

"విసుగు రావడం లేదా అత్తయ్యా?"

"విసుగెందుకమ్మా, చూడ్డానికి నువ్వున్నావుగా."

కాలనీ ప్రదర్శనలో మొదటి బహుమతి తనకేనని కోడలు నమ్మింది. అది కాస్తా పక్క చిత్రానికి పోయింది. అందులో ఒక చిత్రకారిణి చేతిలో కుంచెతో, ముక్కు మీద నీలం రంగుతో, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆ నోరు తనదే.

"నువ్వు కునుకు తీసే అరగంటలో వేశాను, నీ రంగులతోనే" అంది అత్తగారు.

కోడలికి కోపం రావాల్సింది. కానీ కుంచె పట్టిన చేతిని తను కూడా అంత బాగా వేయలేదు.

"అంతా సరే, ఈ నీలం రంగు నాకెప్పుడు అంటుకుంది?"

"అంటుకోలేదమ్మా. బొమ్మకు బాగుంటుందని నేనే పూశాను. నువ్వు లేచేలోపు తుడిచేశాను."