బండి చప్పుడైతేనే

“ఉమా, రాయి బిడ్డా. మీ నాయిన ఇంకా ముద్ద ముట్టలేదని రాయి.”

గట్టయ్య ఒక్కో మాటా ఏరుకున్నట్టు మెల్లగా చెప్తున్నాడు. మనవరాలు ఫోన్‌లో టైప్ చేస్తోంది. ఉమ తల్లి రాజీ వరంగల్ దవాఖానలో, కాలికి కట్టుతో ఉంది. పక్కన గట్టయ్య బిడ్డ సుజాత, ఉమ మేనత్త. ఏది పంపినా ఆమే చదివి వినిపిస్తోంది. అక్కడ రాజీ కూడా తినలేదు.

చెలక గట్టున విస్తరి వేసి చాలాసేపైంది. అన్నం, యాటకూర, ఉడికిన గుడ్డు. పక్కనే కల్లు. ఉమ తండ్రి రాజ్‌కుమార్ తినందే ఇంట్లో ఎవరూ తినరు. వాళ్ళమ్మ వెంకటనర్సమ్మకు అప్పటికే కళ్ళు తిరుగుతున్నాయి.

“తిను కొడుకా. గింత అలుగుడు పనికిరాదు,” అంది ఆమె.



“మనం మీద నిలవడితె ఎట్ల తింటడు? జర దూరం జరుగున్రి,” అన్నారెవరో. అందరూ జరిగి కూర్చున్నారు. కూర చల్లారింది.

“వాని పానమంత ఆ బండి మీదనే. దాని చప్పుడు ఇనవడితె తింటడేమో,” అంది వెంకటనర్సమ్మ.

బండి కాలువలో పడ్డప్పటి నుంచి స్టార్ట్ కావడం లేదు. రాజీ తమ్ముడు బిక్షపతి ఇంటి దగ్గర్నుంచి నెట్టుకొచ్చాడు. కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ప్లగ్గు ఊడదీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఇంజన్‌కు ఆనించి కొడితే నిప్పురవ్వ కనిపించింది. బిగించి కొట్టాడు. బండి ఉలకలేదు.

“బావా, నీ బండికి నీ బుద్ధే వచ్చింది. బతిమిలాడితె ఇంకింత బిగుస్తది,” అన్నాడు విస్తరి వైపు తిరిగి.

ఎవరూ నవ్వలేదు.

“పెట్రోలుల నీళ్ళు వోయినయేమో సూడు,” అన్నాడు గట్టయ్య.

కార్బొరేటర్ కింది స్క్రూ వదులు చేస్తే నీళ్ళే కారాయి, బురద రంగులో. బిక్షపతి ట్యాంకు వంచి మొత్తం పారబోశాడు. తన బండిలోంచి సీసాడు పెట్రోలు తీసి పోశాడు. మళ్ళీ కిక్కు. ఇంజన్ దగ్గింది. ఇంకోటి కొడితే అందుకుంది.

చప్పుడు చెలకంతా పాకింది. బిక్షపతి కాసేపు రేజ్ ఇచ్చి, ఆపేసి, బండి పక్కనే కూలబడ్డాడు.

కొంతసేపటికి వెంకటనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గట్టయ్య విస్తరి వైపు చూశాడు. గొంతులో ఏ తేడా లేదు.

“రాయి బిడ్డా. బండి స్టార్టయిందని రాయి. మీ అమ్మను గిప్పుడన్న ఇంత తినుమను. మీ అత్తను జర గట్టిగ సదివి ఇనిపియ్యమను: మీ నాయిన ఇస్తారిని కాకి ముట్టింది.”